మూడో టార్పెడో

“రెండు టార్పెడోలు తీసుకెళ్ళి బురదలో నాటావు. మొక్కలేమైనా మొలిచాయా?” అన్నాడు కెప్టెన్ ఇనగాకి.

పైలట్ సెగావా చెవులు ఎర్రబడ్డాయి. విమానం టార్పెడోని మోయడమే కొత్త ఆ రోజుల్లో. నీటికి ముప్పై అడుగుల ఎత్తులో వదిలితే అది తిన్నగా ఈదుకుంటూ పోతుంది. కాస్త ఎక్కువ ఎత్తయిందా, ముక్కు కిందికి తిరిగి మికావా అఖాతం అడుగున బురదలో దిగబడుతుంది. రెండుసార్లూ జరిగింది అదే.

“గాలి లేనప్పుడు ఈ నీళ్ళు అద్దమేనండీ. ఎంత ఎత్తులో ఉన్నానో కంటికి అందదు. ఒక్క పడవని పంపి కాస్త అలలు రేపిస్తే...”

“ఓహో! యుద్ధంలో శత్రువు కూడా నీకోసం అలలు రేపుతాడా? రేపు అఖాతంలో ఒక్క పడవ కనబడ్డానికి వీల్లేదు!”

పక్కనే ఇంజనీరు హతానో ఉన్నాడు. ఆ విమానం ఆయన మూడేళ్ళ చాకిరీ. మూడో టార్పెడో కూడా బురదపాలైతే విమానం పొయ్యిలోకి, సెగావా బొగ్గు ఓడలో చాకిరీకి.

మర్నాడు పొద్దున్న కూడా ఆకు కదల్లేదు. గురికోసం నిలిపిన పాత బొగ్గు పడవ వైపు సెగావా విమానం కిందికి వస్తోంది. అప్పుడే ఓ ముసలమ్మ చిన్న పడవలో అఖాతం మధ్యకి వచ్చేసింది.

“ఓయ్ ముసలమ్మా! చావాలనుందా? వెనక్కి పో!” ఒడ్డు మీంచి అరిచాడు కెప్టెన్.

“నా వల కొట్టుకుపోయిందయ్యా! నువ్వు తెచ్చిస్తావా?”

ఆవిడ తెడ్డుతో నీళ్ళని దబదబా బాదింది. పడవ ఉన్నచోటే గిరగిరా తిరిగింది.

“పడవ నడపడం కూడా రాదు దీనికి!” కెప్టెన్ జుట్టు పీక్కున్నాడు. హతానో కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

విమానం ఆవిడ పక్కనుంచి దూసుకుపోయింది. పరీక్ష కోసం మందు కూరకుండా ఇచ్చిన టార్పెడో జారింది. నీళ్ళలో తెల్లటి చార ఒకటి సూటిగా సాగి, సరిగ్గా గురి ప్రకారమే బొగ్గు పడవ కిందుగా అవతలికి వెళ్ళిపోయింది.

“బతికిపోయాం!” హతానో చిన్నపిల్లాడిలా గెంతాడు. కెప్టెన్ కూడా ఆయన వీపు చరిచి పకపకా నవ్వాడు.

సెగావా దిగి రాగానే, “శభాష్! అంత అడ్డం తగిలినా గురి తప్పలేదు. ముందెళ్ళి ఆ ముసలమ్మకి గడ్డి పెట్టు!” అన్నాడు కెప్టెన్.

ముసలమ్మ అప్పుడే ఒడ్డు చేరింది. సెగావా విసవిసా అక్కడికి నడిచాడు.

“బుద్ధుందా నీకు? విమానాలు తిరిగేచోట నీకేం పని?” అందరికీ వినబడేలా అరిచాడు. ఆవిడ తల వంచుకుంది. అతను పడవ మీదికి వంగి గొంతు తగ్గించాడు.

“అచ్చం నేను చెప్పినట్టే చేశావమ్మా!”