ఇరవై ఏడో నంబరు

"పన్నెండు నాకే," అంది వర్షిత.

బిమ్లా ఆంటీ బోర్డు మీద పన్నెండుని తుడిచేసింది. న్యూ లిన్‌లో గ్రౌండు పక్కనే క్లబ్బు గది. కిటికీ అవతల సన్నగా వాన పడుతోంది. పొద్దున ఫుట్‌బాల్ ట్రయల్స్ ఆడిన ఆడపిల్లల్ని మూడు జట్లుగా పంచుకోవాలి. పేర్లు తెలిస్తే మొహమాటాలు వస్తాయని ఆంటీ అందరికీ నంబర్ల జాకెట్లు తొడిగి ఆడించింది. ఏ నంబరు ఎవరిదో ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

కోచ్‌లు ముగ్గురు. వర్షిత తర్వాత బిజేంద్ర, అతని తర్వాత లోకేశ్. ఒక్కొక్కరు ఒక్కో పిల్లని ఎంచుకుంటూ పోవాలి.

లోకేశ్ ఈ సీజనుకే క్లబ్బులో చేరాడు. ఆల్బనీలో అతని ఆఫీసు. అక్కడ ఫ్యాంటసీ ఫుట్‌బాల్‌లో, అంటే అసలు ఆటగాళ్ళని ఎంచుకుని ఫోన్లో జట్టు కట్టి ఆడే పందెంలో, ఏటా గెలిచేది అతనే. అదే ఆఫీసులో పనిచేసే ఆంటీ కొడుకు ఆ మాట ఇంట్లో చెప్పాడు. ఇంకేముంది, ఆంటీ పట్టుబట్టి అతన్ని కోచ్‌ని చేసింది. ఇందాక మొదలుపెట్టేముందు కూడా, "నీ కిటుకులేవో వీళ్ళకీ చెప్పు" అంది.

లోకేశ్ చెప్పాడు. పెద్ద పేరున్నవాళ్ళ మీద ఎగబడొద్దు. ఎవరూ పట్టించుకోనివాళ్ళలోనే మంచి ఆటగాళ్ళు దొరుకుతారు. దెబ్బ తగిలి లేచినవాళ్ళ జోలికి మాత్రం వెళ్ళొద్దు.

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది అని ఇప్పుడనిపిస్తోంది.

"పంతొమ్మిది," అన్నాడు తన వంతు రాగానే.

"ఆ బక్కపిల్లా?" అన్నాడు బిజేంద్ర.

"ఎడమ కాలితో ఎంత సూటిగా కొట్టిందో చూడలేదా అంకుల్?"

బిజేంద్ర నుదురు కొట్టుకున్నాడు. అతను ఫిజీ నుంచి వచ్చినవాడు. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగుని ఆచితూచి మాట్లాడతాడు. పిల్లల్ని కూడా అలాగే ఎంచుకుంటాడు.

బోర్డు మీద నంబర్లు తగ్గుతున్నాయి. ఇరవై ఏడు అలాగే ఉంది. లోకేశ్ కాలు బల్లకింద ఊగుతూనే ఉంది.

"నీ వంతు లోకేశ్," అంది బిమ్లా ఆంటీ. "ఇరవై ఏడు ఇంకా ఉంది."

"చూశాను ఆంటీ. ముప్పై ఒకటి."

ఆవిడ డస్టర్ పట్టుకుని అతని వైపు ఒక క్షణం చూసింది. "ఖాయమేనా?"

"ఖాయమే."

బిజేంద్ర నవ్వాడు. "నాకు అర్థమైంది. చివర్లో చవగ్గా కొట్టేద్దామని చూస్తున్నావు."

 లోకేశ్ టీ తాగుదామని కప్పు ఎత్తాడు. అది ఎప్పుడో ఖాళీ అయింది. లేచి కిటికీ దాకా వెళ్ళాడు. ఏమీ చూడకుండానే వచ్చి కూర్చున్నాడు.

ఆఖరి రౌండుకి మూడు నంబర్లు మిగిలాయి. ఆరు, ఎనిమిది, ఇరవై ఏడు.

వర్షిత తేల్చుకోలేకపోయింది. "అన్నా, ఇరవై ఏడు ఎట్లుంటది? మంచిగనే ఆడింది గానీ మోకాలికి పట్టీ ఉన్నది."

లోకేశ్ ఖాళీ కప్పుని పక్కకి జరిపాడు. "ఆట మీరూ చూశారుగా."

"చూసిన. కానీ దెబ్బ తగిలినోళ్ళ జోలికి పోవద్దని మీరే చెప్పిన్రు గదా."

"చెప్పాను."

"అయితే నాకు ఆరు."

ఆంటీ ఆరుని తుడిచింది. ఇక వంతు బిజేంద్రది. అతను ఎనిమిదిని తీసుకుంటే, ఇరవై ఏడు అడక్కుండానే లోకేశ్‌కి వచ్చేస్తుంది.

బిజేంద్ర గడ్డం గోక్కుంటూ బోర్డుకేసి చూస్తూ కూర్చున్నాడు. ఎనిమిదో నంబరు పిల్ల పొడగరి, బంతిని బలంగా తంతుంది. లోకేశ్ ఒక్క మాట అంటే చాలు, ఆ పెద్దాయన ఎటు కావాలంటే అటు మొగ్గుతాడు. లోకేశ్ నోరు తెరిచాడు. మళ్ళీ మూసేశాడు. బల్ల అంచుని గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ ఇరవై ఏడు ఉంది చూడు," అన్నాడు బిజేంద్ర నెమ్మదిగా. "బంతి పోగొట్టుకుంది. పోగొట్టుకున్న ప్రతిసారీ గ్రౌండు ఆ చివరిదాకా వెనక్కి పరిగెత్తింది. తక్కినవాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. ఈ పిల్ల నిలబడలేదు. నాకు ఈ పిల్లే కావాలి."

"పట్టీ ఉన్నది అంకుల్," అంది వర్షిత.

"నాకు రెండు మోకాళ్ళకీ ఉన్నాయమ్మా. ఇరవై ఏడు రాయి."

బిమ్లా ఆంటీ ఆ నంబరుని మెల్లగా తుడిచింది. లోకేశ్ తల వంచుకుని మొహాన్ని రెండు చేతులతో కప్పుకున్నాడు.

"అయ్యో అన్నా," అంది వర్షిత. "చివరిదాక ఆగిన్రు. చేతిదాక వచ్చి పోయింది."

బిజేంద్ర అతని భుజం తట్టాడు. "ఏమనుకోకు బాబూ."

"లేదంకుల్. మంచి పిల్లని తీసుకున్నారు."  లోకేశ్ మిగిలిపోయిన ఎనిమిదిని తన జట్టులో రాయించుకుని గబగబా బయటికి నడిచాడు.

వానలో దాదాపు పరిగెత్తుకుంటూ వెళ్ళి కారు తలుపు తీసేసరికి, ఇరవై ఏడో నంబరు జాకెట్ ఇంకా విప్పని సిరి ముందు సీట్లోంచి ఆత్రంగా తిరిగి, "నాన్నా, నన్ను పిక్ చేసింది నువ్వు కాదు కదా, ప్రామిస్?" అని అడిగింది.