పాత గొట్టంలో పెట్రోలు

దేశంలో పెట్రోలు అమ్మకం ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పటి బళ్లకు చప్పుడూ లేదు, వాసనా లేదు. బ్రెజిల్‌లో మాత్రం చెరకు సారాతో నడిచే ఇంజన్లను ఇంకా రోడ్డెక్కనిస్తున్నారట. చనిపోయిన భర్త నడిపిన టాక్సీలో ఒక్కసారైనా మళ్లీ తిరగాలని, వరహాలమ్మ దాన్ని ఓడలో అక్కడికి తీసుకెళుతోంది.

విశాఖ రేవు పక్క షెడ్డులో మెకానిక్ సూరప్పడు ట్యాంకు కడిగేసి, రబ్బరు గొట్టాలు ఊడదీశాడు.

"ఆ సారా వీటిని తినేస్తాదక్కా. కొత్తవి ఏసేస్తాను. బండి గుర్రంలా నడుస్తాది."

"మరి వాసన?"

"ఏ వాసన?"

"మీ బావ చొక్కా వాసన."

"అదెలాగొస్తాది? ఇకమీదట సారా వాసనే. బావ అలాగొస్తే నువ్వే గుమ్మం ఎక్కనివ్వవు!"

వరహాలమ్మ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఓ పాత గొట్టం తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆయన చొక్కాకుండే పెట్రోలు వాసన అందులో ఇంకా ఉంది.

"ఇది నాతో తీసుకెళతాను."

"పెట్రోలు వాసన తగిలితే ఓడెక్కనివ్వరక్కా. నిన్నూ దింపేస్తారు, బండినీ దింపేస్తారు. రేపే కదా ప్రయాణం, అవతల పారేసీ."

ఆమె గొట్టాన్ని కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

"బండి సిద్ధం చేసి ఉంచు, తమ్ముడూ. దీని వాసన పూర్తిగా పోయాక, అప్పుడున్న ఓడకి వెళతాను."