ఓడ నెట్టిన రాకాసి

పొద్దున్నే గంపలగూడెం వైపు ఆకాశం నల్లబడి పొలాల మీదికి ఒంగింది. చినుకు రాలలేదు గానీ ఉరుము ఆగలేదు.

ప్రభుదాసు మాస్టారి శవప్పెట్టె ఇంటి నుంచి కదలబోతుంటే కోడలు రూతు అత్తగారు ప్రేమావతమ్మ దగ్గర కూర్చుంది.

"అత్తయ్యా, ఇవాళ పొయ్యి వెలిగించకూడదంటున్నారు. మొదటి ముద్ద కూతురింటి నుంచి రావాలంట. మనకి ఆడపిల్లల్లేరు కదా, చర్చి సంఘంవాళ్లకి చెప్పనా?"

ప్రేమావతమ్మ గోడవైపు తిరిగిపోయింది.

పైన ఎక్కడో గట్టిగా కురిసినట్టుంది. తిరువూరు శివారు వాగులోకి ఎర్రనీళ్లు దిగాయి. సరిగ్గా ఆ వాగు మధ్యలోనే పెట్టె ఉన్న ట్రాక్టరు ట్రక్కు దిగబడింది.

"తొక్కరా బెన్నీ!" అని అరిచాడు జోజిబాబు, మాస్టారి ఒక్కగానొక్క కొడుకు.

"తొక్కేకొద్దీ దిగుతుంది బావా!" అన్నాడు ట్రాక్టరు మీదున్న బెన్నీ.

చక్రం గిర్రున తిరిగి అందరి తెల్లచొక్కాల మీదా బురద కొట్టింది.

సమాధుల దొడ్డి అవతలి గట్టున ఉంది. వాగు పొంగితే ఇవాళ దాటలేరు. శవం నిన్నటిది, రేపటిదాకా ఆగదు.

పెట్టె దించి మోయబోతే ముందున్నవాడి కాలు జారింది. మళ్లీ ఎక్కించారు. మగాళ్లంతా కలిసి నెట్టారు. ట్రక్కు ఊగింది, కదల్లేదు.

జోజిబాబుకి నాన్న చెప్పే చలిదేశపు దేవుళ్ల కథ గుర్తొచ్చింది.

బాల్డర్ అనే దేవుడు చచ్చిపోతే ఓడలో పడుకోబెట్టారు. ఆ ఓడని సముద్రంలోకి నెట్టడం దేవుళ్లెవరి వల్లా కాలేదు. చివరికి శత్రువులైన రాక్షసుల దగ్గరికే కబురు పంపారు. హిర్రోకిన్ అనే రాకాసి తోడేలునెక్కి, పాముల్ని పగ్గాలుగా పట్టుకుని వచ్చింది. ఒక్క తోపు తోసింది. నిప్పురవ్వలు లేచి ఓడ కదిలింది. అది చూసి ఉరుముల దేవుడు థోర్ ఆమె తల పగలగొడతానని సుత్తి ఎత్తాడు.

అక్కడ ఆపి నాన్న అడిగేవాడు: "మేలు చేసినదాని మీద సుత్తెందుకు ఎత్తాడ్రా?"



"తప్పుకోండి బాబూ."

వెనక గట్టు మీద ఒకావిడ. ఆరడుగులు దాటిన మనిషి, తల నెరిసింది. నెత్తిన, మూతికి తెల్లగుడ్డ వాసెన కట్టిన పెద్ద గిన్నె. దాన్ని గట్టున దించి, చీర ఎగదోపి, నీళ్లలోకి దిగింది.

"తాటిచెట్టు నడిచొస్తుందేంటి బావా!" అన్నాడు బెన్నీ. కొందరు నవ్వారు.

ఆవిడ ట్రక్కుకి వీపు ఆనించింది. పాదాలు ఇసుకలో పాతింది.

"ఇప్పుడు తొక్కయ్యా, మెల్లగా."

ట్రక్కు మూలిగింది. లేచింది. అవతలి గట్టెక్కింది.

ఎవరూ నవ్వలేదు.

ఆవిడ చేతులు చీరకి తుడుచుకుని పెట్టె మీద అరచెయ్యి ఆనించింది.

జోజిబాబుకి ఒళ్లు మండింది. ఇంతమంది మగాళ్లుండగా!

"ఎవరే నువ్వు? మా నాన్న పెట్టె ముట్టుకుంటావా?"

ట్రాక్టరుకి ట్రక్కు తగిలించే పిన్ను కొట్టే సుత్తి చేతికందింది. ఎత్తాడు.

ఆవిడ జరగలేదు. అతని ముఖంలో దేన్నో వెతుక్కుంటున్నట్టు చూసింది.

"దించరా!" బాబాయి జోజప్ప వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. "నీకు దణ్ణం పెడతాను, దించు."

"ఎవరు బాబాయ్ ఈవిడ?"

జోజప్ప చూపు తిప్పుకున్నాడు. "ముందు మీ నాన్నని మట్టి చెయ్యి."

జోజిబాబు సుత్తి పారేసి ఆవిడకేసి తిరిగాడు. "మట్టి మావాళ్లే వేస్తారు. నువ్వు రానక్కర్లేదు."

"అలాగే తమ్ముడూ."

నీళ్లు దాటి, గిన్నె నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆఖరి పార మట్టి పడగానే వాన దిగింది. వాళ్లు ట్రాక్టరు అక్కడే వదిలి, ఎగువన ఒక్కొక్కరే దాటగలిగే కాలివంతెన మీదుగా చుట్టూ తిరిగి, తడిసి ఇంటికొచ్చారు.

అరుగు మీద తెల్లగుడ్డ వాసెన కట్టిన గిన్నె ఉంది.

జోజిబాబు మెట్టు మీదే ఆగిపోయాడు. "ఇదెవరు తెచ్చారు?"

"ఎవరో పొడుగాటావిడండి," అంది రూతు. "లోపలికి రమ్మన్నా రాలేదు. సంఘంవాళ్లు పంపారేమో."

ప్రేమావతమ్మ లోపల్నుంచి వచ్చింది. తనే వాసెన విప్పింది. అన్నం, పప్పుచారు. ఇంకా ఆవిరి వస్తోంది.

అందరికీ వడ్డించి, తనూ కంచం ముందు కూర్చుంది.

"రావమ్మ తెచ్చింది," అంది తల ఎత్తకుండా. "మీ నాన్నకి నేను రెండోదాన్ని, జోజీ. కాపురానికొచ్చిన రోజే మొదటావిడ కూతుర్ని చూసి రాకాసన్నాను. అదుంటే నేనుండనన్నాను."

జోజప్ప కళ్లు తుడుచుకున్నాడు. జోజిబాబు కుడిచెయ్యి కంచం దాకా వెళ్లి ఆగింది.

వాన చప్పుడులో, తలలు వంచుకుని, అందరూ కూతురింటి అన్నం తిన్నారు.