పడని మెయిన్

"దిగకు! నీళ్లలో కాలు పెట్టావో, మాడిపోతావ్!" మెట్ల మీంచి బాబాయి అరిచాడు.

ఇల్లు కొనేవాళ్ల తరఫున బాబాయితో కలిసి తనిఖీకి వచ్చిన అమ్మాయి, నేలమాళిగలో చెక్కబల్ల మీద ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేసింది. దూలాలు చూస్తుండగా పైపు పగిలి నీళ్లు మోకాలెత్తు చేరాయి. ఉన్న ఒక్క లైటూ అందులో పడి ఆరిపోయింది.

"లైటుతో పాటే మెయిన్ స్విచ్ కూడా పడిపోయి కరెంటు ఆగుంటుంది కదా బాబాయ్?"

"అది పడదు! కదలకు."

"గుమ్మంలోనే చెప్పాను. గోడలన్నీ చెమ్మ, ఈ పని మనకొద్దు, వెళ్లిపోదామని."

"ప్రతి ఇల్లూ వద్దంటే మనల్ని పిలిచేదెవరే? మీ పిన్ని వంట కూడా తనిఖీ చేసి వద్దంటావ్ నువ్వు!"

ఆమె నవ్వలేదు. నీళ్లు బల్ల అంచుకి నాలుగు వేళ్ల దూరంలో ఉన్నాయి. మెయిన్ స్విచ్ అవతలి గోడకుంది.

"కరెంటాఫీసుకి ఫోన్ చేశానమ్మా, స్తంభం దగ్గర తీసేస్తారట," అంది ఇల్లు అమ్ముతున్న ఇంటావిడ, బాబాయి వెనక నుంచి. "చెమ్మకి రోజూ మెయిన్ పడిపోయేది. మీ ముందు కూడా పడితే ఇల్లు అమ్ముడుపోదని, పడకుండా నిన్ననే తీగ కట్టించాను."

"ఎవరితో?"

"చెప్పొద్దన్నారమ్మా."

పైన ఫ్రిజ్ మోత ఆగింది.

"తీసేశారు! రా తల్లీ, రా!" బాబాయి చెయ్యి చాచాడు.

ఆమె నీళ్లలోంచి మెట్ల దాకా నడిచొచ్చింది. ఆ చెయ్యి మాత్రం అందుకోలేదు.

"అది పడదని మీకెలా తెలుసు బాబాయ్?"

చాచిన చెయ్యి మెల్లగా కిందికి వాలింది.

"నేనే కట్టాను," అన్నాడు.