తెరవనన్న తూము

వాన తెరిపివ్వలేదు. బొగ్గు గనిలోంచి తోడిన మురికినీరు తేరుకునే మడుగు అంచుదాకా నిండింది. కాపలా ఉన్న ఓదెలమ్మకు కట్టలో బీట కనిపించింది. కొంత నీరు వదలమని తూమును అడిగింది.

"నీరు ఇంకా తేరలేదు. తెరవను," అంది తూము. ఆ కాలంలో తూములే నీటిని పరీక్షించి, వాటంతటవే తెరుచుకునేవి.

కట్ట తెగితే బురదంతా వాగులో పడుతుంది. ఓదెలమ్మ దిగువ ఊళ్లోని చెల్లెలికి ఫోన్ చేసింది.

"కొన్ని నీళ్లు ఇడుస్తున్న కనకా. వాగును ఎవ్వలు ముట్టకుండ్రి. గొడ్లను గూడ కట్టేయుండ్రి."

తనే చేత్తో తూము చక్రం తిప్పింది. కట్ట నిలిచింది గానీ, వాగు నల్లబడింది.

సాయంత్రం కనక ఫోన్ చేసింది. "ఎవ్వలం దిగలేదక్కా. మల్ల ఎప్పుడు తాగొచ్చు?"

ఓదెలమ్మ తూమును అడిగింది. ఎన్నడూ తడుముకోని తూము నీటిని మళ్లీ మళ్లీ పరీక్షించింది.

"నాకు తెలియదు," అంది చివరికి.

"తూముకు గూడ తెల్వదట కనకా. నేను చెప్పేదాక ఎవ్వలు తాగకుండ్రి," అంది ఓదెలమ్మ చెల్లెలితో.