బొట్టు పెట్టిన సైకిల్

"ఈ ఎర్ర మరక ఏమిటి?" అని అడిగాడు జితేందర్. మామూలుగా కొనడానికి వచ్చినవాడిలాగే అడిగాడు.

"అదా? దీని పాత ఓనర్ పెట్టాడు. దేవుడి గుర్తట. తుడవబుద్ధి కాలేదు," అన్నాడు సైకిల్ అమ్ముతున్న తెల్ల ముసలాయన. పేరు వాల్టర్ అని యాడ్‌లో ఉంది.

దేవుడి గుర్తట! జితేందర్‌కి ఒళ్ళు మండిపోయింది. సైకిల్ కొన్న రోజున ఇక్కడి అరోరా ఊళ్ళో గుడి ముందు దగ్గరుండి పంతులుగారితో పెట్టించిన కుంకుమ బొట్టది. హ్యాండిల్ నడుమ, సరిగ్గా అదే చోట. అదే కంపెనీ, అదే నీలం రంగు. మొన్న తన గరాజ్‌లోంచి మాయమైన సైకిల్ ఇవాళ పార్కు పక్కన పార్కింగ్ లాట్‌లో, పట్టపగలు అమ్మకానికి నిలబడి ఉంది.

కొన్ని మారాయి, నిజమే. సన్న టైర్లు పోయి వెడల్పాటివి వచ్చాయి. మడ్‌గార్డులు బిగించి ఉన్నాయి. ముందూ వెనకా లైట్లు. చెయిన్ పక్కన ఉండాల్సిన పెద్ద గీత కనపడలేదు. రంగేయించాడన్నమాట! దొంగ దీని వేషం బాగానే మార్చాడు అనుకున్నాడు జితేందర్.

"ఇవన్నీ ఎందుకు పెట్టించారు?"

"చలికాలం తొక్కడానికి. మడ్‌గార్డు లేకపోతే కరిగిన మంచూ, రోడ్ల మీద చల్లే ఉప్పు కలిసిన నీళ్ళూ వీపంతా చిమ్ముతాయి. సన్న టైర్లేమో తడి రోడ్డు మీద జర్రున జారతాయి. మీకు ఇదే మొదటి చలికాలమా, సైకిల్ మీద?"

"అవును. మీరు కొని ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు దాటింది. మోకాలు ఆపరేషన్ అయ్యాక డాక్టర్ వద్దన్నాడు. లేకపోతే అమ్మేవాణ్ణి కాదు."

ఎంత తడుముకోకుండా చెబుతున్నాడో! అప్పుడే పోలీసులకి ఫోన్ చేసి ఉంటే పీడా పోయేది. సైకిల్ పోయిన రోజు చేయబోతే శ్రీవిద్యే చేయి పట్టుకుని ఆపింది. "హెచ్ వన్ వీసా మీద ఉన్నం జితూ, పోలీసులు గిట్ల మనకెందుకు? పోతే పోయింది, ఒకందుకు మంచిదే. ఆ సన్న టైర్లతోటి ఐస్ మీద పడి కాళ్ళిరగ్గొట్టుకునేటోనివి," అంది. మొగుడి సైకిల్ పోతే మంచిదేనట! ఆ మాట జితేందర్‌కి సైకిల్ పోయినదానికంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

"ఒకసారి తొక్కి చూడొచ్చా?" అన్నాడు.

"తప్పకుండా. ఆగండి, సీటు మీకు ఎక్కువ ఎత్తవుతుంది." వాల్టర్ మూలుగుతూ ఒంగి సీటు కిందికి దించాడు. టైరు నొక్కి చూశాడు. "చలిలో గాలి కాస్త తక్కువే ఉంచండి, రోడ్డు మీద పట్టు దొరుకుతుంది. అయ్యో, ఉత్త చేతులతోనా?" అని తన గ్లవ్స్ విప్పి ఇచ్చాడు.

"నేను తిరిగొచ్చేదాకా నా లైసెన్స్ ఉంచుకుంటారా?"

"అక్కర్లేదు. పాత ఓనర్ కూడా మీ ఇండియా అతనే. చాలా మంచి మనిషి."

జితేందర్ మనసు ఒక్క క్షణం మెత్తబడింది. అంతలోనే మళ్ళీ బొట్టు కనపడింది. సైకిల్ ఎక్కాడు.

పార్కింగ్ లాట్‌లో ఒక చుట్టు తిరిగాడు. రెండో చుట్టులో గేటు దాటాడు. ఇక ఆగలేదు.

"హలో! ఎక్కడికి? నా సైకిల్!" వెనక నుంచి కేకలు. తిరిగి చూస్తే వాల్టర్ కుంటుకుంటూ పరిగెత్తుతున్నాడు.

"నీ సైకిలా?" అని పళ్ళు కొరుక్కుంటూ ఇంకా గట్టిగా తొక్కాడు జితేందర్. మలుపులో నల్లగా గడ్డకట్టిన నీళ్ళ మీదికి ముందు చక్రం ఎక్కింది. పడ్డాననే అనుకున్నాడు. టైరు జారలేదు. దొంగైనా టైర్లు మంచివే వేయించాడు.

సిగ్నల్ దగ్గర ఆగి శ్రీవిద్యకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఇన్నాళ్ళూ పోలీస్ కారు కనబడితేనే స్టీరింగ్ బిగించి పట్టుకునే మనిషి, ఇప్పుడు తనే పోలీసులకి ఫోన్ కలిపాడు. భయపడాల్సింది తప్పు చేసినవాడు, నేనెందుకు భయపడాలి అనుకున్నాడు. దొంగ దొరికాడని చెప్పాడు. ముసలాయన పేరూ పార్కు పేరూ చెప్పాడు. "సైకిల్ నా దగ్గరే ఉంది, ఇంటికొచ్చి చూసుకోండి," అని తన అడ్రస్ కూడా ఇచ్చాడు.

ఇంటి ముందు దిగకుండానే గరాజ్ కోడ్ నొక్కాడు. తలుపు పైకి లేచింది.

"అయ్యో, అప్పుడే వచ్చినవా!" లోపల శ్రీవిద్య చేతిలో ఎర్ర రిబ్బన్‌తో నిలబడి ఉంది. "ఇంకో ఐదు నిమిషాలాగితే కట్టేదాన్ని!"

ఆమె పక్కన నీలం సైకిల్. వెడల్పాటి టైర్లు, మడ్‌గార్డులు, ముందూ వెనకా లైట్లు. హ్యాండిల్ నడుమ కుంకుమ బొట్టు. చెయిన్ పక్కన పెద్ద గీత.

"మొన్న నేనే షాపుల ఇచ్చిన. వింటర్‌కి మొత్తం సెట్ చేయించిన. ఎంత చెప్పినా నువ్వు తొక్కుడు మానవని తెల్సు గదా, కనీసం పడకుంట తొక్కుతవని. పోలీసులకి ఫోన్ చేస్తనంటే నా పాణం పోయింది తెల్సా!" అని పకపకా నవ్వింది. నవ్వుతూనే అతని కింద ఉన్న సైకిల్‌ని చూసింది. నవ్వు ఆగిపోయింది.

"జితూ... మరి ఇదెవరిది?"

జితేందర్ వంగి తన కింది సైకిల్ చెయిన్ పక్కన గీత కోసం మళ్ళీ వెతికాడు. ముసలాయన గ్లవ్స్‌లో చేతులకి చెమటలు పట్టాయి. వెనకాల ఏదో కారు వచ్చి ఆగింది. తలుపు తీసి వేసిన చప్పుడైంది. బూట్ల చప్పుడు డ్రైవ్‌వే మీదుగా వచ్చి అతని పక్కనే ఆగింది.

"సైకిల్ దొంగ దొరికాడని ఫోన్ చేసింది మీరేనా?" అని నవ్వుతూ అడిగాడు పోలీసు.