ఎదురుగాలి

ఆ పెద్దమనిషి నా టికెట్ల కౌంటర్ ముందు కూర్చుని, మంగళవారం విమానం ఎంత దూరం వెళ్తుంది, ఎంతసేపు పడుతుంది అని అడిగాడు.

“పన్నెండు వేల కిలోమీటర్లండీ. పద్నాలుగు గంటలు.”

“అంతేనా?” అన్నాడు, తూకంలో మోసపోయినవాడిలా.

ఎంత త్వరగా చేరతామని నా బుర్ర తినేవాళ్ళనే చూశాను గానీ, ఇలాంటివాడు తగలడం ఇదే మొదలు. “బుధవారం విమానమైతే మధ్యలో ఆగి ఆగి వెళ్తుంది. ఇమ్మంటారా?” అన్నాను వెటకారంగా.

“వద్దమ్మా, మంగళవారానిదే కావాలి. ఎదురుగాలి వీస్తే ఇంకాస్త ఆలస్యమవుతుందా?”

“ఓ గంట కావచ్చు.”

ఆయన ముఖం చేటంత అయింది. “మరి కుదుపులో?”

“ఈ నెలలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చోవాల్సిందే.”

“హమ్మయ్య! రానూపోనూ ఇచ్చెయ్యమ్మా.”

“తిరుగు ప్రయాణం ఎప్పుడండీ?”

“ఆ పైలట్ ఎప్పుడు వెనక్కి బయల్దేరితే అప్పుడే.”

“పైలట్‌తో మీకేం పని?”

“మా ఆవిడే కదమ్మా పైలట్!”

నాకు నవ్వాగలేదు. “ఆకాశంలో పైలట్ గది తలుపు తియ్యరండీ. పద్నాలుగు గంటలు కూర్చున్నా ఆవిడ మొహం కూడా కనపడదు.”

“ఇంట్లోనూ అంతేనమ్మా. ఆర్నెల్ల నుంచి గది తలుపు వేసుకునే ఉంటోంది, ఒక్క మాట లేదు” అన్నాడాయన, పర్సు తీస్తూ. “విమానంలో అయితే, కుదుపు వచ్చినప్పుడల్లా మైకులో ‘భయపడకండి, నేనున్నాను’ అంటుంది.”